దొంగ కిటికీ

మూడో కిటికీ మూసేసరికి పన్నెండు కావస్తోంది. మేస్త్రీ బయట పరంజా మీద నిలబడి ఇటుక మీద ఇటుక పెడుతున్నకొద్దీ, లోపల కుట్టు హాల్లో ఉన్న నలభై మంది ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే అతనికి కనబడకుండా పోయాయి. ఆఖరి ఇటుక సందులోంచి ఎవరో, "బతికుండగానే సమాధి కట్టేస్తున్నావు గదయ్యా, కాస్త పేర్లయినా చెక్కించు" అంది. లోపల నవ్వారు. మేస్త్రీకి నవ్వు రాలేదు. ఇటుక దూర్చి, మాలు మెత్తి, తాపీతో నున్నగా రుద్దాడు.

ఇక మిగిలింది నాలుగోది. ఆ కిటికీ పక్కన కూర్చునేది అతని సొంత అక్క.

అక్క కాజాలు కుడుతుంది. చొక్కాకి ఏడు గుండీలు, ఏడు కాజాలు. వెలుతురు బాగుంటే రోజుకి నలభై చొక్కాలు దించుతుంది. ఒక్క కాజా వంకర పోయినా ఆ చొక్కా ఖరీదు ఆమె కూలిలోంచి విరుస్తారు. కిటికీలు మూయడం మొదలెట్టిన ఈ రెండు రోజుల్లో రోజుకి పాతిక దాటలేదు, నిన్న రెండు చొక్కాలు చెడిపోయాయి. బల్బు వేయమని అడిగితే, కరెంటు ఖర్చు కూలిలో పట్టుకోవడానికి ఒప్పుకుంటే వేయిస్తానన్నాడు యజమాని. యాభై దాటిన కళ్ళు ఇంకో రెండేళ్ళు నిలబడితే చాలనుకుంటోంది అక్క. ఆ నాలుగో కిటికీ కూడా పోతే రెండు నెలలు కూడా నిలబడవు.

ఈ మూయడం యజమాని కోరింది కాదు, ఇంజనీరు చెప్పిందీ కాదు. పురపాలక సంఘంలో నగరమధ్య భవనాల శైలి పరిశీలనా సంఘం అని ఒకటుంది. అంత పేరు నోరు తిరగక బజారు జనం దాన్ని అందాల కమిటీ అంటారు. అందులో ఏడుగురు పెద్దలు. ఒక్కరూ ఈ వీధిలో ఉండరు, ఉండాల్సిన ఖర్మ వాళ్ళకేం పట్టింది. ఊరవతల తోటల మధ్య, గోడల్లో సగం అద్దాలే ఉన్న ఇళ్ళలో ఉంటారు. ఈ వీధి మాత్రం నూరేళ్ళ కిందట ఎలా ఉండేదో అచ్చం అలాగే కనబడాలని వాళ్ళ పట్టుదల. నూరేళ్ళ కిందటి మురుగుకాలవ ఇప్పటికీ అచ్చం అలాగే ఉంది. దాని మీద వాళ్ళకి ఏ ఫిర్యాదూ లేదు.

ఎదుటి వరసలో ఒక పాత గిడ్డంగి ఉంది. వీధివైపు ఎనిమిది కిటికీలు. వాటిలో ఒకటి విడిచి ఒకటి దొంగ కిటికీ: బయట చెక్క రెక్కలు, వాటి వెనక గోడ. కమిటీకి ఆ గిడ్డంగి అంటే ప్రాణం. ఇవతల ఎనిమిది కిటికీలతోనే ఈ కొత్త కుట్టు భవనం పూర్తయి, మిషన్లు పైకెక్కించాక తీరిగ్గా వచ్చి చూసి, 'వీధి లయ దెబ్బతింది' అని కాగితం మీద రాసిపోయారు. ఎనిమిదింటిలో నాలుగు మూసి ఎదుటి భవనానికి జోడీగా చేస్తేగాని అనుమతి రాదన్నారు. లయ అంటే ఏమిటని యజమాని అడగలేదు. ఆడవాళ్ళు వీధిలోకి తొంగిచూసే కిటికీలు తగ్గితే అతనికి మంచిదే.

ఆ కమిటీ ఈ రోజు పనితనం చూడ్డానికి వచ్చింది. ఏడుగురికిగాను ఇద్దరొచ్చారు, మిగిలినవాళ్ళకి ఎండ పడదు. అధ్యక్షుడు, బొమ్మలు వేసే మేడమ్, వాళ్ళ వెంట ఫైలు మోసే గుమాస్తా గిడ్డంగి నీడన నిలబడ్డారు. అధ్యక్షుడు భవనాల మీద రెండు పుస్తకాలు రాసినవాడు, జన్మలో ఒక ఇటుక ముట్టనివాడు. ఒక కన్ను మూసి మేస్త్రీ కట్టిన గోడల వంక చూశాడు.

"బ్రహ్మాండం" అన్నాడు.

తర్వాత మూసిన కిటికీలకి బిగించబోయే రెక్కల రంగు గురించి చర్చ నడిచింది. ఆకుపచ్చ ముదురుగా ఉండాలా, వెలిసినట్టుండాలా అని అరగంట తర్జనభర్జన పడ్డారు. కొత్త రంగు వేసి, వెలిసినట్టు కనబడేదాకా గీకాలని తేల్చారు. గీకాల్సింది ఎవరో చెప్పనక్కర్లేదు. గుమాస్తా రాసుకుని, తల తిప్పకుండానే, "అభ్యంతరాలున్నవాళ్ళకి రెండు నిమిషాలు" అన్నాడు. చట్టంలో అలా ఉంది కాబట్టి అన్నాడు. ఎవరూ ఉండరని అతని నమ్మకం.

అక్క వీధి దాటి వచ్చింది. భోజనాల విరామంలో, వేలికి తొడుగు కూడా తియ్యకుండా వచ్చింది.

"నాకు ఉందండీ" అంది. "ఆ ఎదుటిది గిడ్డంగి. మా నాన్న అందులోనే బస్తాలు మోశాడు, చిన్నప్పుడు నేను లోపలికి వెళ్ళేదాన్ని. మూసిన కిటికీల వెనక కప్పుదాకా బస్తాలుండేవి. బస్తాలకి కళ్ళుండవు కాబట్టి కిటికీలక్కర్లేదని కట్టేశారు. మేం బస్తాలం కాదు కదండీ. కాజా కుట్టాలంటే దారం కనబడాలి."

అధ్యక్షుడు ఓపిగ్గా విన్నాడు. ఓపిగ్గా వినడంలో ఆయనకి మంచి పేరుంది.

"నీ బాధ నాకు అర్థమైందమ్మా. రాసుకోవయ్యా. కాని లోపల సంగతి మా పరిధిలోది కాదు. మేం చూసేది బయటివైపు మాత్రమే."

"మరి లోపలివైపు చూసే కమిటీ ఏదండీ?"

అధ్యక్షుడు గుమాస్తా వంక చూశాడు. గుమాస్తా ఫైలు తిరగేశాడు.

"అలాంటిది లేదమ్మా" అన్నాడు.

ఇంతలో మేడమ్ అక్క మొహాన్నే పరీక్షగా చూస్తోంది, సంతలో సరుకు చూసినట్టు. "ఒక్క నిమిషం" అంది అధ్యక్షుడితో. "నాకో ఆలోచన వచ్చింది. ఆ కొత్త దొంగ కిటికీ రెక్క ఒకటి ఓరగా తెరిచి ఉంచుదాం. వెనక గోడ మీద కుట్టుపని చేస్తున్న మనిషి బొమ్మ వేస్తే ఎలా ఉంటుంది? పాతకాలం పనివాళ్ళ కళ. ఈమె మొహం సరిగ్గా సరిపోతుంది."

అధ్యక్షుడు పొంగిపోయాడు. "ప్రాణం వస్తుంది కిటికీకి" అన్నాడు. గోడ వెనక నలభై ప్రాణాలున్న సంగతి ఆయనకి తట్టలేదు. తట్టినా అది లోపల సంగతి.

"అమ్మా, నువ్వు నా ఎదురుగా రెండు రోజులు కూర్చోవాలి. సూదీ దారం పట్టుకుని, అంతే" అంది మేడమ్.

"ఎక్కడ కూర్చోవాలండీ?"

"మా ఇంట్లో. పెద్ద కిటికీ ఉంది, వెలుతురు బాగా పడుతుంది."

గుమ్మంలో నిలబడ్డ యజమాని అంతా వింటున్నాడు. కమిటీ మెప్పు ఎక్కడ జారిపోతుందో అని గబగబా ముందుకొచ్చి, "వెళ్ళు, రెండు రోజుల కూలి నేనిస్తాను" అన్నాడు. పని చేయని రోజుకల్లా ముప్పై ఏళ్ళుగా కూలి కోసిన చెయ్యి అది.

"నేను రాను" అంది అక్క.

"రాకపోవడం ఏమిటి, ఊరికే కూర్చోవడానికి?" అన్నాడు యజమాని.

"ఊరికే కూర్చోవడం నాకు రాదండీ. నాలుగో కిటికీ ఇంకా తెరిచే ఉంది. రోజూ అక్కడే ఉంటాను. నా బొమ్మ కావాలంటే అక్కడ చూసుకోమనండి."

వచ్చిన దారినే వీధి దాటి మెట్లెక్కింది. మేడమ్ మొహం చిన్నబుచ్చుకుంది. ఈ మనుషులకి కళ గురించి ఎంత చెప్పినా ఇంతేనని అధ్యక్షుడు ఆమెని ఓదార్చాడు. తర్వాత పరంజా వైపు తలెత్తి, "మేస్త్రీ, చీకటిపడేలోగా నాలుగోది కూడా అయిపోవాలి. రేపు సంతకాలు" అని కేకేశాడు.

మేస్త్రీ గమేళాలో మాలు కలిపి ఉంచుకున్నాడు. కాదంటే రేపు ఇంకో మేస్త్రీని పిలుస్తారని అతనికి తెలుసు. పని దొరికి నెల కూడా కాలేదు, ఇంట్లో నాలుగు నోళ్ళున్నాయి. మొదటి వరస ఇటుకలు చేతికందేలా సర్దుకుని కిటికీ ముందుకొచ్చాడు.

లోపల అక్క ముక్కాలిపీట గోడకి ఆనించి కూర్చుంది. చొక్కా ఒళ్ళో వేసుకుని, సూది వెలుతురుకి ఎత్తి పట్టుకుని దారం ఎక్కిస్తోంది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. ఎదురుగా మేస్త్రీ నీడ ఆమె చేతుల మీద పడింది.

"ఒరేయ్ తమ్ముడూ" అంది తలెత్తకుండానే. "కాస్త పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డొస్తున్నావు."

అతను పక్కకి జరిగాడు.

కింద గుమాస్తా ఏదో అరుస్తున్నాడు. మేస్త్రీ తాపీ పలక మీద పెట్టి, పరంజా కర్రకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎండకి గమేళాలో మాలు అంచుల నుంచి తెల్లబడి బిగుసుకుంటోంది. మళ్ళీ తడిపి కలపడానికి నీళ్ళ బకెట్ అతని కాళ్ళ దగ్గరే ఉంది. అతను దానివైపు చెయ్యి చాపలేదు.