గీత అవతలి క్యాచ్

బేస్‌బాల్ వరంగల్‌లో ఎవరికి కావాలి చెప్పండి? గల్లీకో క్రికెటర్ పుట్టే ఊరిది. అలాంటి చోట మిర్చి వ్యాపారి రాంచందర్ కొడుకు చంద్రమౌళి ఏళ్ల తరబడి ఆ ఆటే పట్టుకుని వేలాడుతున్నాడు. మైదానం చివర నిలబడి, ఎగిరొచ్చే బంతుల్ని పట్టే అవుట్‌ఫీల్డర్ వాడు. ఇవాళ హనుమకొండలో రాష్ట్ర జట్టు ఎంపిక మ్యాచ్. తండ్రి పొద్దున్నే తేల్చేశాడు.

“ఇయ్యాల టీమ్ల రాకుంటే రేపటిసంది కాంటా కాడ కూసో. ఇగ చాలు నీ ఆట.”

అనడమే కాదు, మొదటిసారి ఆట చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు కూడా.

ఆఖరి ఇన్నింగ్స్. స్కోరు సమం. అవతలి జట్టువాడొకడు మూడో బేస్ మీద కాచుకుని ఉన్నాడు. వాడు బ్యాటర్ నిలబడే చోటికి, అంటే హోమ్‌కి చేరితే వాళ్లకో పరుగు, ఆట ఖతం. కోచ్ భవాని మేడమ్ గొంతు చించుకుంటోంది.

“మౌళీ! గీత అవతలికి పోయే బాల్ పట్టకు! కింద పడనియ్యి, సమజైందా?”

సమజు కాకేం? క్రికెట్లో క్యాచ్ పడితే పండగే. ఇక్కడ అలా కాదు. బంతి చేతిలో పడ్డ మరుక్షణం, కొట్టినవాడు అవుటైనా సరే, మూడో బేస్ వాడు హోమ్‌కి ఉరకొచ్చు. మైదానం పక్కగీత అవతల నేల మీద పడనిస్తే మాత్రం అది చెల్లని బంతి, వాడు కదలడానికి లేదు.

టంగుమంది బ్యాటు. బంతి ఆకాశానికి లేచి, గాలికి పక్కకు జరిగి, గీత దాటింది. చంద్రమౌళి పరుగెత్తాడు. ఎందుకు పరుగెత్తాడో వాడికే తెలియదు, కాళ్ల అలవాటది. వదిలెయ్, వదిలెయ్ అని మనసు మొత్తుకుంటూనే ఉంది. అంతలో తండ్రి లేచి నిలబడి అరిచాడు.

“పట్టు బిడ్డా! పట్టు!”

బుద్ధెరిగాక బాపు నోట అలాంటి మాట ఎన్నడైనా విన్నాడా వాడు? దూకాడు. నేలకు జానెడెత్తులో బంతి గ్లవ్‌లో ఇరుక్కుంది. అబ్బ, ఏం క్యాచ్! చూసేవాళ్లంతా ఈలలేశారు.

బోర్లా పడ్డవాడు లేచి విసిరేసరికి మూడో బేస్ వాడు హోమ్ తొక్కేశాడు. భవాని మేడమ్ తల పట్టుకుని కూలబడింది. ఎంపిక చేసేవాళ్లు కుర్చీల్లోంచి లేచారు, వీడి వైపు ఒక్కరూ చూడలేదు. చంద్రమౌళికి ఏడుపు తన్నుకొచ్చింది.

రాంచందర్ మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా గ్రౌండ్‌లోకి ఉరికొచ్చి కొడుకును గట్టిగా కావలించుకున్నాడు.

“ఏం పట్టినవ్‌రా బిడ్డా! ఇగ టీమ్ల నీ పేరు పక్కా! దుకాణం ఫికర్ జెయ్యకు, నేను చూస్కుంట.”

ఓడిపోయామని బాపుకి తెలియనే తెలియదు. చంద్రమౌళి కూడా ఆయన్ని గట్టిగా పట్టుకున్నాడు.