ముప్పయ్యో రోజు ఫోను

ఆపరేషనైన ముప్పయ్యో రోజున రోగికి ఫోన్ చేసి, కుట్లు ఎలా ఉన్నాయో అడిగి రాసుకోవడం నా పని. దీన్ని మా ప్రొద్దుటూరు ఆసుపత్రి కనిపెట్టలేదు. స్కాట్లాండులోని ఒక పెద్దాసుపత్రితో మాకు ఒప్పందం కుదిరింది. వాళ్లు మా సర్జన్లకూ నర్సులకూ శిక్షణ ఇస్తారు, ఇక్కడి ఆపరేషన్ గాయాలు ఎలా మానుతున్నాయో మేం వాళ్లకు చూపిస్తాం. పదహారేళ్లుగా నర్సుగా ఆపరేషన్ థియేటర్‌లో నిలబడ్డ నన్ను, ఆర్షియా నోరు మంచిదని ఫోను దగ్గర కూర్చోబెట్టారు. నా నోరు అంత మంచిదేమీ కాదు. మా ఇంట్లోవాళ్లను అడిగితే చెబుతారు.

మూడు నెలల్లో నూట ముప్పై మందితో మాట్లాడాను. జమ్మలమడుగు వాళ్లు, పులివెందుల వాళ్లు, చెన్నూరు వాళ్లు. "బాగుండారా?" అంటే అందరూ "బాగుండాం" అన్నారు. గాయం చీము పట్టినవాళ్లు సున్నా. మా సర్జన్ ప్రవీణ్ సార్ ఆ సున్నాను నెలవారీ వీడియో మీటింగులో చూపించి, మీసం తిప్పినంత పని చేశారు. తెర మీద స్కాట్లాండు డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"మాకు నూటికి ఐదారుగురికి చీము పడుతుంది. మీకు ఒక్కరికీ పట్టలేదంటే మీ దగ్గర మేం నేర్చుకోవాలి. సిస్టర్, మీరు ఏమని అడుగుతారు?" అంది ఇంగ్లీషులో.

నేను అడిగే మాట చెప్పాను. చెబుతుంటేనే నా మీద నాకు ఒళ్లు మండింది. మా సీమలో బాగుండారా అంటే అది ప్రశ్నా? మంచం పట్టినవాడు కూడా ముందు బాగుండానంటాడు, తర్వాత మజ్జిగ తాగుతావా అంటాడు. ఈ సంగతి స్కాట్లాండు నుంచి ఒకరు అడిగితే గానీ నాకు తట్టలేదు.

మరుసటి రోజు పొద్దున్నే హెర్నియా ఆపరేషన్ల జాబితా తీసుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి బాగోగుల మాటెత్తలేదు. బిందె ఎత్తుతున్నారా, బండెక్కుతున్నారా, ఏ పక్కకు తిరిగి పడుకుంటున్నారు, ఇవే అడిగాను. పదమూడు మంది నిజంగానే బాగున్నారు. పద్నాలుగో పేరు పెంచలమ్మ. గండికోట దారిలో ఒక పల్లె ఆమెది, షుగరు మనిషి. బొడ్డు దగ్గర హెర్నియాకు లోపల వల లాంటి మెష్ పెట్టి కుట్టాం. వారం కిందటే "శానా బాగుండా తల్లీ" అని చెప్పింది.

"పెద్దమ్మా, చీర కుచ్చిళ్లు యాడ దోపుకుంటాండావు?"

"అదేం ప్రశ్నమ్మా!" అని నవ్వింది. "యాడా దోపుకోలే. నైటీ ఏసుకోని పది దినాలాయ."

"చీరెందుకు కట్టుకోలే?"

"కట్టుకుంటే తడుస్తాందిలే."

"ఏంది తడిసేది?"

"నువ్వు అన్నం తింటివా తల్లీ?" అని మాట మార్చింది. నేను ఫోన్ పెట్టేసి అంబులెన్స్ పంపించాను.

మధ్యాహ్నానికి వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. ప్రవీణ్ సార్ గాయం తెరిచి, చీమంతా కడిగి, మెష్ తీసేశారు. చేతి తొడుగులు విప్పుతూ, "ఇంగ రెండు దినాలు ఆగింటే దక్కేది కాదు" అన్నారు. సున్నా తప్పని, అందరికీ మళ్లీ ఫోన్ చేస్తున్నామని ఆ సాయంత్రం ఆయనే స్కాట్లాండుకు రాశారు. మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

మూడో రోజు పెంచలమ్మ లేచి కూర్చుని ఇడ్లీ తింటుంటే నిలదీశాను. "ప్రాణం మీదికి తెచ్చుకున్యావు గదా. నేను ఫోన్ చేసినబ్బుడు చెప్పేకి ఏమైంది?"

"నాకు యాభై ఎనిమిదేండ్లు. ఆస్పత్రోళ్లు ఫోన్ చేసి ఎట్లుండావని అడిగింది అదే మొదులు. అంత మంచిగా అడిగే బిడ్డకు, మీరు చేసిన పని చెడిపోయిందని ఎట్ల చెప్పేదమ్మా? నిన్ను పెద్ద డాక్టరు తిట్టడా?"

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నన్నెవరో తిడతారని ఈమె చీము దాచుకుని చావడానికి సిద్ధపడింది.

"నన్నెవురూ తిట్టరు పెద్దమ్మా. చెడు చెప్తేనే నా పని అయినట్టు."

ఆమె ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టింది. "అట్లనా? ఖదీజాకు గూడా నేనే చెప్తి గదమ్మా, ఫోనొస్తే బాగుండా అనేసెయ్యని."

"ఏ ఖదీజా?"

"మా పక్కింటామె. గర్భసంచి తీసినారే మీరు."

గర్భసంచి ఆపరేషన్ల జాబితా నేనింకా తెరవనే లేదు. వెతికితే నా చేతిరాతే ఉంది: ఖదీజా, బాగుంది. వరండాలోకి వచ్చి నంబరు నొక్కాను.

"అల్‌హందులిల్లా, బాగుండా ఆపా" అంది ఖదీజా, నేను అడక్కముందే.

"నమాజు ఎట్ల చదువుతాండావు? కిందనా, కుర్చీలోనా?"

"కుర్చీలో."

"నేలకు నుదురానిచ్చి సజ్దా చేసేకి వంగలేకపోతాండావా?"

ఖదీజా గొంతు తగ్గించి, "నీకెవరు చెప్పినారు ఆపా?" అంది.

"ఇంట్లోనే ఉండు. అంబులెన్స్ వస్తాంది" అన్నాను.