తేదీ మీద స్టిక్కరు

ఫుడ్ ఇన్‌స్పెక్టరు జీపు దంతెవాడ రోడ్డెక్కేసరికి పన్నెండు దాటింది. అప్పటిదాకా ఇనుప గనుల ఊరు కిరండూల్‌లోని గోదాములో ఒక్కరూ అన్నం గిన్నె మూత తీయలేదు. టమాటా పేస్టు డబ్బాలు కొన్ని గుడ్డలో కట్టి, లక్క ముద్ర వేసి పట్టుకుపోయారు. మిగతా సరుకు ముట్టుకోవద్దన్నారు. ఆడకూలీలు పది మంది ఎర్రదుమ్ము నేల మీద చేతులు ముడుచుకుని కూర్చున్నారు. సరుకు ముట్టకపోతే పని లేదు, పని లేకపోతే రోజుకు వచ్చే రెండొందల యాభై లేదు.

ఆ పేస్టు ఎక్కడో సముద్రం అవతల వండినది. విశాఖ రేవులో దిగి, గడువు దాటి, ఎవరూ కొనక పడివున్న సరుకును గోదాము యజమాని గవర్రాజు చవగ్గా తెచ్చి గనుల క్యాంటీన్లకు అమ్ముతాడు. పైదేశపు డబ్బా అమ్మాలంటే దాని మీద దిగుమతిదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క ఉండాలి. వాటికోసం స్టిక్కరు అంటించవచ్చు. కంపెనీ అచ్చువేసిన తేదీని మాత్రం అది కప్పకూడదు. ఈ సంగతి రాసిన కాగితం గవర్రాజు గది గోడకే వేలాడుతోంది, పాపం, అలంకారంగా! ఆయన స్టిక్కరు మీద తనకు నచ్చిన కొత్త తేదీ వేయించాడు. పాతది కనబడకూడదు గనక స్టిక్కరు సరిగ్గా దాని మీదే పడాలి. ఆ చోటు కూలీలకు చూపించి నేర్పింది రామతులసి.

రామతులసిది విజయనగరం వైపు. పదో తరగతి పాసైంది. గోదాము పనివాళ్లలో ఇంగ్లీషూ హిందీ కూడబలుక్కుని చదవగలిగేది ఆమె ఒక్కతే, అందుకే సూపర్‌వైజరు. మొగుడు లోడింగులో నడుం విరిగి ఏడాదిగా మంచం మీద ఉన్నాడు. నోరెత్తితే ఇల్లు గడవదని మూడు నెలలుగా రోజూ తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధమూ కాదు. కానీ కిందటి వారం గని క్యాంటీన్లో తిన్న పదకొండు మంది కూలీలు వాంతులతో ఆస్పత్రిలో పడ్డారని విన్న పూట కూడా ఆమె స్టిక్కర్ల కట్టలు పంచింది. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే పంచింది.

"రామతులసీ, ఇలా రా," గవర్రాజు గదిలోంచి పిలిచాడు.

బల్ల మీద హిందీలో టైపు చేసిన కాగితం, పక్కన స్టాంపు ప్యాడు. ఆమె చదివింది. సోమమ్మ అనే కూలీ, చదువు రాకపోవడం వల్ల, ఎవరూ చెప్పకుండానే స్టిక్కర్లు తేదీల మీద అంటించిందట. యజమానికి తెలియదట. తప్పంతా తనదేనని ఒప్పుకుంటోందట.

"సోమమ్మే ఎందుకండీ?"

"ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు డబ్బా ఉన్నది దాని చేతిలోనే కదా. భోపాల్‌పట్నం అవతలి పల్లె దానిది. నాలుగు నెలలు ఊళ్లో కూర్చుంటే ఎవడు వెతుకుతాడు? నువ్వు చదివి చెప్పు. నీ మాటైతే వింటుంది."

"ఏటని సెప్పమంటారు?"

"హాజరు కాగితమని చెప్పు. పని ఆగిన రోజులకి కూలీ ఇస్తామని రాసుందని చెప్పు. మీ ఆయన మందులు ఎవరి చలవో నేను గుర్తు చెయ్యక్కర్లేదుగా?"

అక్కర్లేదు. అది ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

సోమమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏందక్కా, సేటు పిలిచిండంట?"

గవర్రాజు ఆమె బొటనవేలు పట్టి ప్యాడు మీద అద్దించాడు. చీరకు సిరా అంటుతుందని సోమమ్మ వేలు పైకెత్తి పట్టుకుంది. రామతులసి వైపు తిరిగి నవ్వింది.

"ఎక్కడ పెట్టాలె అక్కా? నువ్వు చూపియ్యి."

మొదటి డబ్బా చేతికిచ్చిన రోజున కూడా అచ్చం ఇలాగే అడిగింది. అప్పుడు రామతులసి చూపించింది.

"ఇది... హాజరు..." అంది రామతులసి. సోమమ్మ వేలు కాగితం మీదికి వంగుతోంది.

"పెట్టకు!" చటుక్కున కాగితం లాగేసింది. "పెట్టకే సోమమ్మా. ఇది హాజరు కాగితం కాదు. తప్పంతా నువ్వే సేసినావని రాసుంది. అబద్దం. స్టిక్కరు కింద అసలు తేదీ ఉంది. సరుకు గడువు దాటిపోయినాది. అది దాచడానికే అక్కడ అంటించమన్నారు. నాను సూపిస్తేనే నువ్వంటించినావు."

"మతి పోయిందా నీకు?" గవర్రాజు కుర్చీ తన్ని లేచాడు. "రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు, అదీ రానక్కర్లేదు!"

"నేను పెట్ట, సేటూ," అంది సోమమ్మ. అరవలేదు. సిరా వేలిని బల్ల చెక్కకేసి గట్టిగా తుడిచింది.

రామతులసికి ప్రాణం లేచొచ్చింది. మూడు నెలల బరువు ఒక్క మాటతో దిగిపోయిందనుకుంది. ఎంత తేలిగ్గా క్షమించేసుకుంటామో మనల్ని మనం!

సోమమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"గడువు దాటిందని నీకు మొదటి నుంచి ఎరుకేనా?"

"తెలుసు."

"మొన్న సొట్టలు పడ్డ డబ్బలు నాలుగు నా సంచిల ఏసినవు. పారేసుడెందుకు, పిల్లలకు కూరల ఏసి పెట్టుమన్నవు."

రామతులసి తల వంచుకుంది. వాకిట్లో తొమ్మిది మంది కూలీలు లేచి నిలబడి వింటున్నారు.

"గట్ల తల దించకు, చెప్పు," అంది సోమమ్మ. "ఒక్క డబ్బన్న మీ ఇంటికి తీస్కపోయినవా?"

రామతులసి తలెత్తింది.

"లేదు," అంది.