సలోమి నవ్వు

"ఇయ్యాల ఏం కూరనే?" అని సీమోను అడగగానే రాహేలు చేతిలో గరిటె ఆగిపోయేది. గిన్నె మూత తీసే ఉంటుంది, కూర కళ్ళెదుట కనబడుతూనే ఉంటుంది. అయినా అడుగుతాడు. భార్యకు 'ప' దగ్గర నత్తి వస్తుందని పెళ్ళయిన నాటి నుంచీ అతనికి తెలుసు.

"ప... ప... పప్పు."

"ప ప పప్పంట!" అని మెడ సాగదీసి అచ్చం ఆమెలాగే అని, కూతురి వైపు తిరిగేవాడు. "నవ్వవేందే సలోమీ? మీ అమ్మ బండి ఎట్ల మొరాయిస్తున్నదో చూసినవా?"

బస్సు డిపోలో మెకానిక్ అతను. తాగడు, చెయ్యెత్తడు. జహనుమాలో వాళ్ళ గల్లీ ఆడవాళ్ళంతా రాహేలు అదృష్టవంతురాలంటారు. పక్కింటి కాశమ్మతో ఒకసారి చెప్పుకోబోతే, "గంతేనా? నవ్వులాటకు అన్నడు. గిదొక ఫికరా?" అనేసింది. దెబ్బయితే చూపించవచ్చు. దీన్నేం చూపించడం? నవ్వులాటే కదా అని ఆమే తనకు తాను సర్దిచెప్పుకుంది. 'ప'తో మొదలయ్యే మాటలు ఒక్కొక్కటే మానుకుంది. కూరగాయల బండి దగ్గర పచ్చిమిరపకాయలు వేలితో చూపించి కొనేది.

ఎనిమిదేళ్ళ సలోమి మాత్రం నవ్వేది కాదు. తల వంచుకుని కూర్చునేది. ఒకనాడు సీమోను ఆ పిల్ల కంచం పక్కకు లాగేశాడు. "మస్తు పొగరున్నది నీకు. నువ్వు గూడ మీ అమ్మ లెక్కనే మొద్దువైతవ్." ఆ తర్వాత చాలా రోజులు పిల్లతో మాట్లాడలేదు. పిల్ల నిద్రలో పక్క తడపడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున జడ వేస్తూ రాహేలు నెమ్మదిగా అంది. "బిడ్డా, బాపు నవ్వమంటే నవ్వు. నాకేం గాదు."

"నవ్వు రాకుంటే?"

"వచ్చినట్టు చెయ్యి."

ఆ సాయంత్రం సలోమి నవ్వింది. సీమోను మురిసిపోయి, పిల్లను సైకిల్ మీద ఎక్కించుకుని ఫలక్‌నుమా దాకా తిప్పుకొచ్చాడు. గండం గడిచిందనుకుంది రాహేలు.

కొన్నాళ్ళకు నవ్వమని చెప్పే అవసరమే లేకపోయింది. ఒక ఆదివారం రాహేలు చర్చి నుంచి వచ్చేసరికి సలోమి గల్లీ పిల్లల మధ్య నిలబడి, మెడ సాగదీసి, "ప... ప... పప్పు" అని చేసి చూపిస్తోంది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. అందరికన్నా గట్టిగా సలోమి నవ్వుతోంది. ఆ నవ్వులో ఎక్కడైనా అబద్ధం మిగిలిందేమోనని రాహేలు వెతుక్కుంది. దొరకలేదు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర సీమోను ఎప్పటిలాగే మెడ సాగదీశాడు. రాహేలు గరిటె కింద పెట్టి, మొదటిసారి అతనికి ఎదురు చెప్పింది.

"ఇగ చాలు. పి... పి... పిల్లను నవ్వించకు. నన్ను జూసి నవ్వుడు దానికి నేనే నేర్పిన. నేనే మాన్పిస్త."

సీమోను చెయ్యి కంచంలోనే ఆగింది.

"నవ్వకు బిడ్డా," అంది రాహేలు, కూతురి గడ్డం పట్టుకుని.

సలోమి కళ్ళు తల్లి మీద నిలవలేదు. నవ్వాలో వద్దో తెలుసుకోవడానికి తండ్రి మొహం వైపు తిరిగాయి.