తుండు కింద మూడో చెయ్యి

జార్జి టౌన్‌లో ఎండుమిరప హోల్‌సేల్ వ్యాపారం చేసే వెంకటపతి నాయుడికి గుట్టంటే ప్రాణం. నోటితో ధర చెప్పడం ఆయన వంశంలోనే లేదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తుండు కప్పుతారు, లోపల వేళ్ళు నొక్కుకుంటూ బేరమాడుకుంటారు. చుట్టూ జనం మూగినా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ఆయన సరుకు ఏ ఊరినుంచి వస్తుందన్నది అంతకన్నా పెద్ద గుట్టు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న ఆ మిరప వల్లే ఎదురు కొట్టు ఆనందన్ ముందు ఆయన మీసం నిలబడింది. ఊరి పేరు కట్టుకున్న భార్య పుష్పవల్లికి కూడా చెప్పలేదు. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి, ముత్తురాజ్ అనే ఏజెంటు ఊరికే చేతిలో పెట్టిన కంపెనీ టోపీకి పొంగిపోయి, ‘మార్కెట్ మామ’ అనే యాప్‌ని ఫోన్‌లో వేయించుకున్నాడు. సరుకు లెక్కలన్నీ అదే చూసుకుంటుందట, పైసా ఖర్చు లేదట. ఫ్రీ అంటే ఫినాయిలైనా తాగే రకాలు మన బజార్లో తక్కువా? ఫోన్‌లో పేర్లన్నీ చూడొచ్చా అని అడిగిందా యాప్. ఎక్కడికి పోతే అక్కడికి వెంట రావచ్చా అంది. మాటలు వినొచ్చా అంది. బ్యాంకువాళ్ళకు ఒక్క సంతకం పెట్టడానికి ముప్పుతిప్పలు పెట్టే నాయుడు, దానికి మాత్రం సరే, సరే, సరే అని నొక్కేశాడు.

వాషర్‌మెన్‌పేట్‌లోని ఇంటికొచ్చాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు కార్తీక ఆ ఫోన్ చూసి నోరెళ్ళబెట్టింది.

"మిరపకాయల లెక్క రాసేదానికి నువ్వు యాడుండావో దానికెందుకు నాయనా? సుమ్మా, ఊరికే ఎవుడైనా ఇస్తాడా? నేను వేరేది వేసిస్తా. నీ లెక్క నీ ఫోన్లోనే ఉంటాది. ఆ యాప్ లోపల ఏం రాసిండారో ఎవురైనా చదివి చూసుకోవచ్చు."

"ఎవురైనానా?" నాయుడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఆనందన్ కూడానా?"

"ఆయన కూడా. యాప్ ఎట్ల చేసినారనేది మాత్రమే. నీ లెక్కలు కాదు."

"వద్దు తల్లీ! తలుపుల్లేని కొట్లో బీరువా పెట్టమంటావే! నాది చూడు, లోపల ఏముందో దేవుడిక్కూడా తెలీదు. మన తుండు మాదిరి."

కార్తీక తల పట్టుకుంది. కప్పి ఉన్నదల్లా భద్రమనుకునే మనిషికి ఏం చెప్పి ఏం లాభం?

మిరప కోతలు కాగానే నాయుడు ఆ ఊరికి బయల్దేరాడు. ఎవరైనా అడిగితే తిరుపతి అన్నాడు. రైతు చిన్నబాబు కళ్ళంలో తుండు కప్పి బేరం ముగించాడు. ఎవడి కంటా పడలేదని దారంతా మురిసిపోయాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది ఆ వ్యవహారం. ఫోన్ ఆయన జేబులోనే ఉంది.

వారం తిరక్కుండా చిన్నబాబు దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"అన్నా, మీ ఎదురు కొట్టాయన లారీ తోలుకోని వచ్చినాడు. మీకన్నా ఎక్కువిస్తానన్నాడు. ఊరోళ్ళంతా ఆయనకే పోసేసినారు. నేనొక్కణ్ణే మీకు నిలిపినా."

తండ్రి నాటినుంచి కాపాడుకొచ్చిన ఊరు చేజారింది. నాయుడు లారీ డ్రైవర్ని అనుమానించాడు, మూటలు మోసే అమ్మాసిని అనుమానించాడు, ఆఖరికి ఇంటికొచ్చి పుష్పవల్లి మీద పడ్డాడు.

"నీ నోట్లోంచే పోయుండాల!"

పుష్పవల్లి గరిటె కింద పెట్టింది. "నాకు మీరు చెప్పిందెప్పుడు, నేను బయట చెప్పేదానికి?"

నాయుడు తుండు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు ఆనందనే టీ గ్లాసుతో ఎదురొచ్చాడు. నెత్తిన ముత్తురాజ్ పంచిన అలాంటి టోపీయే. ఫోన్ తీసి మార్కెట్ మామ పంపిన మెసేజ్ చూపించాడు: ‘మీ ఎదురు కొట్టువారు ఈ ఊళ్ళో చిన్నబాబు గారి దగ్గర మిరప కొన్నారు. మీరూ కొని చూడండి!’

"నాన్ కేక్కవే ఇల్లై, నాయుడు. అదువే సొల్లిచ్చు," అన్నాడు. తను అడగనే లేదట, అదే చెప్పిందట. రేపు అది తన గుట్టు ఎవరికి చెబుతుందో ఆ టోపీవాడికింకా తట్టలేదు.

సాయంత్రం నాయుడు తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి, ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పిందే వెయ్యమ్మా. తుండు కింద ఎవురి చెయ్యి ఉందో తెలిస్తేనే గదా బేరం. దీని కింద మూడో చెయ్యి ఉండింది."

కార్తీక మార్కెట్ మామను పీకేసింది. నాయుడు వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకుని కూర్చున్నాడు. పెళ్ళాన్ని అన్న మాట లోపల గుచ్చుకుంటోంది. అలవాటుగా చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఆవిడ చెవిలో ఆ ఊరి పేరు చెప్పాడు. జన్మలో మొదటిసారి.

"తెలుసు," అంది పుష్పవల్లి రసం కలుపుతూ. "పొద్దున ఆనందన్ భార్య సరణ్య చెప్పింది. కాపురానికొచ్చినప్పట్నించీ మీ నోట వింటానని ఉండినా. సందంతా తెలిసినాక చెప్పినారు."

ఆయన భుజం మీది తుండు లాక్కుని, దాంతో వేడి గిన్నె పట్టుకుని దించింది.