గోరువెచ్చని నీళ్లు

నేను ఒక ఇత్తడి చెంబును. నడుం దగ్గర సొట్ట పడినదాన్ని. కంచరి నన్ను సుత్తితో సాగగొట్టి, చింతపండుతో తోమి సంతలో పెడితే అప్పలనరసమ్మ కొంది. కళ్లు మసకబారాక కోడలు దాలమ్మకు అప్పగించింది. దాలమ్మకు అన్నీ భయాలే. కూతురు హేమ తుమ్మితే జ్వరమంటుంది. నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెడుతుంది. తల్లి కదా, నేను తప్పు పట్టను.

ఆ వానాకాలం ఊళ్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. చేపల కూర అన్నారు; చేపలు ముట్టని ఇంట్లోనూ మంచాన పడ్డారు. దిష్టి అన్నారు; దిష్టి తీసినావిడే మర్నాడు ఆటోలో ఆసుపత్రికి వెళ్లింది. చివరికి డాక్టరమ్మ ఇల్లిల్లూ తిరిగి, మురుగుకాలువలో మునిగి ఉన్న కుళాయి పైపు పగిలిందని తేల్చింది. నీళ్లు మరిగించి తాగమంది.

దాలమ్మ మొదటి రోజు నుంచీ మరిగిస్తూనే ఉంది. అయినా హేమకు వచ్చింది. సెలైన్ పెట్టించి తెస్తే మళ్లీ మొదలైంది. పిల్ల కళ్లు లోతుకు పోయాయి.

పక్కింటి సూరమ్మ ఊరుకోలేదు. "ఒలే దాలమ్మా, పొయ్యి మీదెట్టి అగ్గి ఎలిగించడం మర్సిపోనావేటే?"

"నా కల్లారా సూసినాను వదినా, బుడగలొచ్చినాయి!" దాలమ్మ ఏడ్చేసింది.

బుడగలు నేనూ చూశాను. మరి పిల్లకెందుకు తగ్గడం లేదు?

డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. అప్పుడే దాలమ్మ పొంగుతున్న నీళ్లు నాలో సగం పోసింది. కుండలోంచి గ్లాసుడు తీసి మిగతా సగం నింపింది. వేలు ముంచి చూసి, ఓఆర్ఎస్ పొట్లం చింపబోయింది.

"ఆగమ్మా! ఆ కుండలోవి మరిగించావా?"

దాలమ్మ తెల్లబోయింది. "అవి కూడా మరిగిత్తే ఇంక సల్లగెలాగుంటాయమ్మా? నా గుంట నోరు కాలిపోదేటి?"

డాక్టరమ్మ నన్ను లాక్కుని పెరట్లో ఒంపేసింది. తన సీసాలోని నీళ్లలో పొట్లం కలిపి హేమకు గుటక గుటకగా తాగించింది. వెళ్తూ దాలమ్మ భుజం తట్టింది. "నీళ్లు వాటంతటవే చల్లారాలి తల్లీ. ఏమీ కలపకు."

ఇప్పుడు దాలమ్మ మరిగిన నీళ్లు నాలో పోసి, మూత పెట్టి, నన్ను చన్నీళ్ల పళ్లెంలో నిలబెడుతోంది. చుక్క ఎగిరి లోపల పడిందేమోనని ఒకసారి అన్నీ పారబోసి మళ్లీ మరిగించింది. హేమ నన్ను రెండు చేతులా ఎత్తి తాగి, "అమ్మా, ఆకలేత్తంది" అంది. దాలమ్మ నవ్వబోయి, వెంటనే పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి చూసింది.

నా లోపలివీ నీళ్లే, బయటివీ నీళ్లే. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. ఏవి బతికిస్తాయో, ఏవి చంపుతాయో చూసి చెప్పమంటే నాకు ఇప్పటికీ తెలియదు.