పక్కన పెట్టిన ఆరు ఫైళ్లు

మిర్చి సీజన్ మధ్యలో మా కొట్టు కంప్యూటర్ నిండిపోయింది. సి డ్రైవ్ గీత ఎర్రబడింది. రైతుకు చీటీ తియ్యమని నొక్కి టీ తాగి రావచ్చు. డి డ్రైవ్ మాత్రం ఖాళీ. ఒక గోడౌన్ కిక్కిరిసి పక్కది ఖాళీగా ఉంటే ఎవరైనా ఏం చేస్తారో అదే చెయ్యమని ప్రసన్నకుమార్‌ని పిలిచాను. గుంటూరు యార్డులో సగం కొట్లకు అతనే కంప్యూటర్లు చూస్తాడు.

ఆ చోటంతా ఆక్రమించింది నా సరుకు కాదు, నా భార్య జయకుమారి ఖాతా. ఆమె టీచరు. బడులు మూసిన రోజుల్లో ఈ కంప్యూటర్ ముందే కూర్చుని రెండు వందల పన్నెండు పాఠాలు వీడియో తీసింది. జబ్బుపడ్డాక మా అమ్మాయి జెస్సీ కోసం ఇంకో ఆరు తీసింది. "ఒక్కోదానికి ఒక్కో రోజుందండీ, ఆ రోజునే చూడండి" అంది. ఆమె పోయి రెండేళ్లు. ఆ ఆరూ నేను తెరవలేదు. ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను.

"కొత్త ఫోల్డర్‌కి ఏం పేరు పెట్టమంటారు బాబాయ్?" అన్నాడు ప్రసన్న.

"ఎబెనెజరు మిర్చి కమిషన్ ట్రేడర్స్, మార్కెట్ యార్డు, గుంటూరు. కింద మీ పిన్ని పేరు, సంవత్సరం."

"అంత పొడుగెందుకండీ? జయ అంటే చాలదా?"

"మార్కా లేకుండా బస్తా బయటికి పంపుతానటయ్యా?"

నవ్వి, అలాగే కొట్టాడు. కాపీ మొదలుపెట్టి, "గంట పడుతుంది. నేను వచ్చాక రెండు వైపులా ఎన్నున్నాయో సరిచూసి, అప్పుడు పాతవి తీసేద్దాం" అని భోజనానికి వెళ్లాడు.

మధ్యలో ఆగింది. పేరు మరీ పొడుగ్గా ఉంది, ఏం చెయ్యమంటావని ఇంగ్లీషులో అడిగింది. కాటా నడుస్తుంటే తడి బస్తా తగిలితే తూకం ఆపం. పక్కన పెట్టి, దాని సంగతి సాయంత్రం చూస్తాం. స్కిప్ నొక్కాను. ఇలాంటివి అన్నిటికీ ఇదేనా అంటే అవునన్నాను.

ప్రసన్న వచ్చేసరికి కాపీ అయిపోయింది. బయట లారీవాడు హారన్ మోగిస్తున్నాడు.

"ఒక్క నిమిషం, లెక్క చూద్దాం బాబాయ్."

"ముప్పయ్యేళ్లుగా బస్తాలో చెయ్యిపెట్టి సరుకు చెబుతున్నవాణ్ణి, నాకు లెక్కేంటయ్యా?" పైనొకటి, నడుమొకటి, అడుగునొకటి తెరిచాను. మూడింటిలోనూ జయ పాఠం చెబుతోంది. "భేషుగ్గా ఉంది. పాతవి ఊడ్చెయ్."

ఊడ్చేశాడు. సాయంత్రానికి ఆ తడి బస్తా సంగతి మర్చిపోయాను.

మొన్న జెస్సీకి కూతురు పుట్టింది. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, బిడ్డ పుట్టిన రోజుకని అమ్మ ఒకటి చేసిపెట్టింది కదా, తీసుకురా."

వెతికాను. రెండు వందల పన్నెండే ఉన్నాయి. ప్రసన్న వచ్చి చూశాడు. "స్కిప్ మీరు నొక్కారా బాబాయ్?" అని మాత్రం అడిగాడు. చాలాసేపు ఏవేవో చేసి, "ఈ రకం డిస్కులో తుడిచింది మళ్లీ రాదండీ" అన్నాడు.

జయ చివరిగా తెరిచిన ఫైళ్ల పట్టీ మాత్రం మిగిలింది. శీర్షిక చూడగానే విషయం తెలియాలని పిల్లలకు చెప్పేది. ఆ ఆరింటికీ ఒక్కో పొడుగాటి వాక్యమే పేరుగా పెట్టింది. వాటి ముందు నేను పెట్టించిన ఫోల్డర్ పేరు కూడా చేరేసరికి కంప్యూటర్‌కి పట్టలేదు. నొక్కితే ఫైలు లేదంటోంది. ఒక పేరు కాగితం మీద రాసుకుని ఆస్పత్రికి వెళ్లాను.

"పేరొక్కటే మిగిలిందమ్మా. తప్పు నాది."

జెస్సీ నా చేతిలోని కాగితం వైపు చూసింది. తర్వాత, "చదువు" అంది.

"జెస్సీకి బిడ్డ పుట్టిన రోజుకి, ముందు బిడ్డ తల కింద చెయ్యి పెట్టుకుని సరిగ్గా కూర్చో, నాన్నను కూడా కూర్చోబెట్టు, ఆయన నిలబడే వింటాడు, అప్పుడు చెబుతాను."

"తర్వాత?"

"అంతేనమ్మా."

జెస్సీ బిడ్డ తల కింద చెయ్యి పెట్టుకుంది. నావైపు చూడకుండానే, "కూర్చో నాన్నా" అంది.

కూర్చున్నాను.